బాలిలో విన్న మాట

పెళ్లయిన ఆరేళ్లకు నా కడుపు పండింది. ఐదో నెల పడి వాంతులు తగ్గాక, మా ఆయన ఒక రోజు మగ్గాల దగ్గర్నుంచి వచ్చి బాలి పోదామన్నాడు. అప్పటిదాకా ధర్మవరం నుంచి మేం పోయిన దూరమంతా మైసూరే. అదీ చీరలు అమ్మడానికి.

"బిడ్డ పుడితే ఇంక యాడికీ పోలేం మేయ్. నాలుగు రోజులు ఊరికే కూచోనొద్దాం, అంతే" అన్నాడు.

డాక్టరమ్మ విమానం ఎక్కొచ్చని చెప్పింది. ఒప్పుకోనిది మా అత్త.

"కడుపుతో ఉన్నదాన్ని సముద్రం దాటించేదేందప్పా? ఆడ పడితే లేస్తే ఎవురు చూస్తారు?" అని కొడుకును నిలదీసింది. ఆయన వినడని తెలిశాక ఇంకో ఆంక్ష పెట్టింది. "పోతే పో. నువ్వు మాత్రం సముద్రంలో మునగొద్దు. పెండ్లాం కడుపుతో ఉంటే మొగుడు మునగకూడదు."

ఆ మాట ఆయన తు.చ. తప్పకుండా పాటించాడు. అంత దూరం పోయి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, అల వచ్చినప్పుడల్లా వెనక్కి పరుగెత్తేవాడు. నవ్వలేక చచ్చాను.

నాకు మాత్రం మొదటి రోజు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఎటు చూసినా నీళ్లు. మడుల్లో నీళ్లు, రోడ్డు పక్క కాలువల్లో నీళ్లు. మా హోటల్ ముందు ఒక రాతి కప్ప ఉండేది. దాని నోట్లోంచి పగలూ రాత్రీ నీళ్లు ఊరికే కారిపోతుంటే నాకు ఒళ్లు మండేది. మా వీధిలో కుళాయి ఎప్పుడొస్తుందో చెప్పలేక ఆడవాళ్లం బిందెలు పేర్చుకుని పొద్దంతా కాచుకుని ఉంటాం. ఇక్కడ కప్పకు ఇరవై నాలుగ్గంటల సరఫరా.

రెండో రోజుకు కోపం పోయింది. కడుపు మీద చెయ్యి వేసుకుని వరండాలో పడుకునేదాన్ని. వారం నుంచి లోపల కదలిక తెలుస్తోంది. బిడ్డ కదిలినప్పుడల్లా ఆయన్ను పిలిచి చెప్పేదాన్ని. నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ లేను.

మూడో రోజు పొద్దున గదిలో నీళ్లు ఆగిపోయాయి. మోటారు రిపేరు, కాసేపట్లో వస్తాయని హోటల్ వాళ్లు చెప్పారు. వేరే ఊరివాళ్లయితే సరేనని ఊరుకునేవారు. మా ఆయన మా ఊళ్లో అందరూ చేసే పనే చేశాడు. నీళ్లొస్తే చప్పుడు వినపడాలని కుళాయి పూర్తిగా తిప్పి పెట్టాడు. ఒక్క చుక్క కూడా పోకూడదని కింద తొట్టికి బిరడా బిగించాడు. చప్పుడు కోసం చెవులు రిక్కించి కాసేపు కూర్చున్నాం. ఆకలేసింది, టిఫినుకు పోయాం, అటునుంచి అటే సముద్రం దగ్గరికి పోయాం. కుళాయి సంగతే మరిచిపోయాం.

తిరిగొచ్చి తలుపు తీసి ముందు నేనే లోపలికి అడుగుపెట్టాను. నున్నటి రాతి నేల నిండా నీళ్లు. కాలు జారి దభీమని కూలబడ్డాను.

నడుం నొప్పి పెద్ద లెక్క కాదు. కానీ లోపల కదలిక లేదు. మంచం మీద ఎడమ పక్కకు పడుకున్నాను, కుడి పక్కకు పడుకున్నాను. తింటే కదులుతుందేమోనని తీపి తిన్నాను. కదలలేదు.

కారులో ఆస్పత్రికి పోతుంటే మా ఆయన "కొళాయి నేనే ఇప్పి పెట్టినా, నేనే ఇప్పి పెట్టినా" అని ఒకటే గొణుగుడు. గట్టిగా అరిచి తిడదామనుకున్నాను. కానీ ఈ బిడ్డ నిలిస్తే చాలు, ఇంకేమీ అడగనని మనసులో దండం పెట్టుకుంటూ కూర్చున్నాను.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కడుపు మీద జెల్ రాసి స్కానింగ్ మొదలుపెట్టింది. కాసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత గదంతా గుండె చప్పుడు, గబగబా. మా ఆయన గోడకు ఆనుకుని పసిపిల్లాడిలా ఏడ్చేశాడు.

డాక్టరమ్మ నవ్వుతూ ఇంగ్లీషులో చెప్పింది. "మీ అమ్మాయికి ఏమీ కాలేదు. హాయిగా నిద్రపోతోంది."

మా దగ్గర స్కానింగ్ గది తలుపు మీద పెద్ద అక్షరాలతో బోర్డు ఉంటుంది, ఆడో మగో అడగడం, చెప్పడం నేరమని. ఈమె ఇవాళ కూరేంటో చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది. మా ఆయన వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. మా ముఖాలు చూసి పాపం డాక్టరమ్మే భయపడింది. తనేమైనా తప్పు మాట్లాడానా అని అడిగింది.

బయటికొచ్చాక మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మేయ్, ఈ మాట ఎవురికీ చెప్పొద్దు. దీనికోసరమే దేశం దాటి పోయినారంటారు."

దీనికోసమే దేశాలు దాటేవాళ్లు ఉన్నారని అప్పుడు గుర్తొచ్చింది.

"ఆడబిడ్డంటే నీకు ఇష్టమేనా?" అని అడిగాను.

"ఏందే ఆ మాట? బిడ్డ బతికుండాది" అన్నాడు, కోపంగా.

ఇంటికొచ్చాక ఇద్దరం నోరు విప్పలేదు. ఏడో నెలలో శ్రీమంతం చేశారు. కుర్చీలో కూర్చోబెట్టి చేతుల నిండా గాజులు తొడిగారు. వీధిలో ఆడవాళ్లందరూ వచ్చారు. ఒక్కొక్కరే బుగ్గలకు పసుపు రాసి, తల మీద అక్షింతలు వేసి దీవించడం మొదలుపెట్టారు.

"మగబిడ్డను ఎత్తుకోవాల."

"వచ్చే ఏటికి సంకలో కొడుకుండాల."

ఎన్ని శ్రీమంతాల్లో విన్నానో ఈ మాటలు. అక్షింతలు వేసి నేనూ అని ఉంటాను. ఆ రోజు మాత్రం ఒక్కొక్క మాటకూ ఉలిక్కిపడ్డాను. లోపల ఉన్నది నా కూతురు. దాని గుండె చప్పుడు విన్నాను. ఆ బిడ్డ కాకుండా ఇంకెవరో రావాలని, నేనంటే ప్రాణం పెట్టేవాళ్లే వరసగా వచ్చి నవ్వుతూ దీవిస్తున్నారు. మా అత్త కూడా అదే మాట అంది. ఎవరి మనసులోనూ చెడు లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

చివరికి మా అమ్మ వచ్చింది. అక్షింతలు తీసుకుని చెయ్యెత్తింది. "బంగారట్లా మగబిడ్డను..."

ఆమె మణికట్టు పట్టుకున్నాను. "లోపల ఉండేది ఆడబిడ్డమా" అన్నాను.

"ఓహో, దానికోసరమా ఇమానమెక్కి పోయింది" అని వెనక ఎవరో అన్నారు. గుమ్మంలో మా ఆయన తల దించుకున్నాడు. అనుకునేవాళ్లు అనుకోనీ అనిపించింది.

"మళ్లా దీవించుమా. ఈసారి నా బిడ్డకు చెప్పు" అన్నాను.

అమ్మ నా కడుపు వైపు చూసి నా మీదికి వంగింది. తర్వాత నాకు మాత్రమే వినపడేలా అంది.

"నువ్వు నా కడుపులో ఉన్నెప్పుడు గూడా అందరూ నన్ను అట్లనే దీవించినారు పాపా. నేను గూడా ఊ అన్నా."