కాళహస్తి వర్ణం ఎవరిది?

పోయిన వారం తిరుపతిలో ఒక పెళ్ళి భోజనంలో సాంబారన్నం కలుపుకుంటుంటే, గోడ మీది స్పీకరులోంచి కేదారగౌళ రాగంలో ఒక వర్ణం మొదలైంది. ఎవరో వయొలిన్ మీద వాయించి రికార్డు చేసింది. నా చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. ఒక పొడుగాటి స్వరం సాగాల్సిన చోట, నడుమ చిన్న విరామం వచ్చింది. ఆ విరామం ఎవరి కోసం పెట్టిందో నాకు తెలుసు. పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు మేనమామ నా మొహం చూసి, అన్నంలో రాయి వచ్చిందా అని అడిగాడు. లేదన్నాను.

ఆ వర్ణం నాకు నేర్పింది కమలాక్షమ్మ గారు. పుట్టింది చిత్తూరు, వీణ టీచరుగా స్థిరపడింది తిరుపతిలో. యూనివర్సిటీ వెనక వీధిలో ఆవిడ ఇంటి ముందు గదిలో ప్రతి ఆదివారం మా వాద్యబృందం కూడేది. పాఠాలు చెప్పే లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు, హాస్టల్లో ఉండే విద్యార్థినులు, మందుల షాపు నడిపే రాఘవరెడ్డి గారు. ఆయనది వేణువు, నాది వయొలిన్. కచేరీలు చేసి పేరు తెచ్చుకునేంత వాళ్ళం కాదు గానీ, చేసినంతా శ్రద్ధగా చేసేవాళ్ళం.

బృందంలో వాయించేవాళ్ళకు ఒక దొంగ అలవాటు ఉంటుంది. చేతికి రాని చోట కమానును తీగ మీద ఆనీ ఆనకుండా లాగి, పక్కవాళ్ళ చాటున దాటేస్తాం. కమలాక్షమ్మ గారికి ఆ సంగతి తెలుసు. కళ్ళు మూసుకుని వింటూ వింటూ ఉన్నట్టుండి చెయ్యెత్తి, ఒకరి వైపు వేలు చూపించేవారు. మిగతా అందరూ ఆపాలి, ఆ ఒక్కరూ కొనసాగించాలి. అప్పుడు ఎవరి సరుకెంతో బయటపడేది. ఆవిడకు మనుషుల మీద నమ్మకం తక్కువ, చెవుల మీద ఎక్కువ. ఎవరైనా కచేరీ బాగుందంటే, "ఏం బాగుండాది?" అని నిలదీసేవారు. పాపం, మెచ్చుకోవడానికి వచ్చినవాళ్ళు నీళ్ళు నమిలేవాళ్ళు. నాకూ ఆ అనుమానపు జబ్బు అంటుకుంది.

మా ప్రతి కచేరీ ఈ వర్ణంతోనే మొదలయ్యేది. శ్రీకాళహస్తిలో ఎప్పుడో ఒక వైణికుడు కట్టాడని, పేరు ఎవరికీ తెలియదని, తన గురువు గారి నోట తాను నేర్చుకున్నానని ఆవిడ చెప్పేవారు. మాకదో గర్వం. తంజావూరు వైపు నుంచి తెచ్చుకున్నవి కాకుండా మన గడ్డ మీద పుట్టిందీ ఒకటి ఉందని వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేవాళ్ళం.

అనుమానం నాకు మెల్లగా పుట్టింది. మిగతా కృతుల్లో ఒక్క స్వరం కదిపినా ఆవిడ ఒప్పుకునేవారు కాదు. మా గురువు గారి పాఠం ఇంతే అని కొట్టిపారేసేవారు. ఈ వర్ణాన్ని మాత్రం కుట్టిన రవిక సరిచేసినట్టు మాకు తగినట్టు సరిచేసేవారు. రాఘవరెడ్డి గారికి ఆయాసం మొదలై ఆ పొడుగాటి స్వరానికి ఊపిరి పట్టలేకపోతే, వారం తిరక్కుండా అక్కడ విరామం వచ్చి చేరింది. అసలు పాఠం ఇదేనట, ఆవిడకే ఇప్పుడు గుర్తొచ్చిందట. అందరూ తల ఊపారు. నేనూ ఊపాను గానీ, గురువు గారి పాఠం రాఘవరెడ్డి గారి ఆయాసాన్ని బట్టి గుర్తుకు రావడం నాకు మింగుడుపడలేదు.

ఇంతలో పాత సంగీతం మీద పరిశోధన చేస్తున్న ఒకాయన మా వర్ణం సంగతి విన్నాడు. ఆదివారం వచ్చి రికార్డు చేసుకుంటానని, కాళహస్తి సంప్రదాయానికి ఇదే సాక్ష్యమని తన పుస్తకంలో రాస్తానని కబురు చేశాడు. బృందమంతా పండగ చేసుకుంది. నాకు మాత్రం భయం పట్టుకుంది. అచ్చయ్యాక అబద్ధమని తేలితే, ఇన్నేళ్ళ ఆవిడ పాఠమంతా బూటకమంటారు. శనివారం సాయంత్రం వెళ్ళి, ఇది ఎవరిదని అడిగేశాను.

ఆవిడ వీణ తీగలు తుడుస్తున్నారు. కోపపడతారనుకున్నాను. గుడ్డ పక్కన పెట్టి, "ఇన్నేండ్లకు ఒక్కదానివన్నా సరిగ్గా విన్నావు గదమ్మే" అన్నారు. మళ్ళీ గుడ్డ తీసుకుని తీగలు తుడుచుకోసాగారు. రేపు ఏం చేయబోతున్నారో తెలియక ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు పరిశోధకుడు మైకు పెట్టగానే, ఆ వర్ణం తనదేనని, కాళహస్తి వైణికుడు తన కల్పనేనని ఆవిడే చెప్పేశారు. ఆయన మర్యాదగానే నవ్వాడు. మైకు తీసి సంచిలో పెట్టుకుని, నిజంగా పాతవేమైనా ఉంటే కబురు చేయమని వెళ్ళిపోయాడు. ఒక్క స్వరం కూడా వినలేదు.

రాఘవరెడ్డి గారు మండిపడ్డారు. ఊరంతటికీ మా చేత అబద్ధం చెప్పించినారు కదా అని లేచి నిలబడ్డారు. ఆవిడ తల దించుకోలేదు.

"నాదని చెప్పింటే మీరు వాయించేవాళ్ళాప్పా? ఇంట్లో కూర్చుని ఆడమనిషి కట్టిందంటే ఎవురు నేర్చుకుంటారు? ఇప్పుడే చూస్తిరి గదా, ఆయన నిలబడినాడా?"

ఆవిడ చెయ్యెత్తి నా వైపు వేలు చూపించారు. నేను ఒక్కదాన్నే మొదలుపెట్టాను. ఆ విరామం దగ్గరికి వచ్చేసరికి రాఘవరెడ్డి గారు నా వైపు, తర్వాత ఆవిడ వైపు చూశారు. అది ఎవరి ఊపిరికి కొలిచి పెట్టిందో ఆయనకు అప్పుడు అర్థమైంది. నెమ్మదిగా కూర్చుని వేణువు ఎత్తుకున్నారు. ఆ తర్వాత అందరూ కలిశారు. ఆవిడ కళ్ళు మూసుకోలేదు ఆ రోజు.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. బృందం కూడా చెదిరిపోయింది. వర్ణం మాత్రం శిష్యుల శిష్యుల చేతుల్లో ఎక్కడెక్కడికో పోయింది, ముందు మేము ఊరంతా చెప్పిన కాళహస్తి వైణికుడి కథతోనే. నా ఒక్కదాని గొంతు ఎంత దూరం పోతుంది? కానీ ఏ పాటైనా ఎవరు కట్టారో తెలియదని ఎవరైనా అంటే నాకిప్పటికీ అనుమానమే. తెలియకపోవడమా, చెప్పనివ్వకపోవడమా అని ఆరా తీస్తాను. నాకు ఆవిడిచ్చిన ఆస్తి అదే.

పెళ్ళిలో ఆ మేనమామ కూడా స్పీకరు వైపు చెవి పెట్టి, "పాతకాలం వర్ణం, కాళహస్తిదంట" అన్నాడు.

"కాదన్నా. చిత్తూరు కమలాక్షమ్మ గారిది."

"ఆ పేరు నేనెప్పుడూ వినలేదే."

"ఇప్పుడు విన్నారు గదా" అని, ఆగిపోయిన అన్నం మళ్ళీ కలుపుకున్నాను.