హిస్టరీ ఉన్న పెళ్ళికొడుకు

ఆ రోజుల్లో మణుగూరు వైపు ఒక మనిషి ఎలాంటివాడో తెలుసుకోవాలంటే అతని ఇంటికి వెళ్ళేవారు కాదు, అతనికి ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మ్యాన్ దగ్గరికి వెళ్ళేవారు. పద్ధతి మంచిదే. ఎవరికి ఎక్కడి నుంచి ఏం వస్తుందో అతనికి తెలిసినట్టు సొంత తల్లికి కూడా తెలియదు. కాకపోతే ఆ పద్ధతి వల్ల నా పెళ్ళి ఆగిపోబోయింది.

అవి ఎనభైలు. బొగ్గు గనుల వర్క్‌షాపులో నాకు కొత్తగా ఉద్యోగం దొరికింది. చదువు ఇంటర్‌తో ఆగిపోయినా లెక్కల మీద మోజు మాత్రం ఆగలేదు. విజ్ఞానశాస్త్ర చరిత్ర మీద పండితులు రాసే ఇంగ్లీషు పత్రిక ఒకటి ఢిల్లీ నుంచి మూడు నెలలకోసారి తెప్పించుకునేవాణ్ణి. పూర్వం గ్రహణాలు ఎలా గణించారు, వృత్తం చుట్టుకొలత ఎలా కట్టారు, ఇవే అందులో విషయాలు. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేవాణ్ణి. (అర్థమైన వాక్యాల కంటే కింద గీత గీసినవి ఎక్కువ.) దాని కవరు మీద పేరు పొడుగ్గా ఉండేది. స్టాంపులన్నీ సరిగ్గా ఆ పేరు మీదే అంటించేవారు. ‘హిస్టరీ’ అన్న ఒక్క మాట బయటికి కనబడేది.

నాకు సంబంధం తెచ్చినవాడు మా మేనమామ. కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర వ్యవసాయం చేసుకుంటున్న కుటుంబం. పెళ్ళిచూపుల్లో ఏదైనా అడగమని అందరూ బలవంతం చేస్తే, నాకు ఇంకేమీ తోచక, “లెక్కలంటే ఇష్టమేనా?” అన్నాను.

“నాకిష్టమేనండీ. లెక్కలకే నేనంటే ఇష్టం లేదు,” అంది పిల్ల.

ఆ మాట విన్న తర్వాత నాకు వేరే సంబంధం అక్కర్లేకపోయింది. తిరుగు బస్సులో మా మామకు అదే చెప్పాను. ఆయన అప్పటికే నిద్రపోయాడు.

పదిహేను రోజుల తర్వాత ఒక ఆదివారం మామ మా క్వార్టర్‌కు రొప్పుతూ వచ్చాడు. కూర్చోలేదు.

“ఏందిరా అల్లుడా, నీకు హిస్టరీ ఉన్నదంట?”

ఇంతకాలానికి మా వాళ్ళలో ఒకరు నా చదువు గురించి అడిగారని నాకు ఆనందం కలిగింది. “అవ్ మామా. ఉద్యోగంల చేరినప్పటి నుంచి ఉన్నది.”

“గిట్ల నవ్వుకుంట చెప్తున్నవేందిరా! ఢిల్లీ దాంక పోయిందా?”

“పోవుడేంది, ఢిల్లీల్నే మొదలైంది.”

“ఇంకెవలున్నరు నీతోని?”

“ఈ దిక్కు నేనొక్కణ్నే అనుకుంట. మద్రాసుల, కలకత్తాల శానమంది ఉన్నరు.”

మామ గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. “మీ అమ్మకు నేనేం జెప్పాలెరా,” అన్నాడు నెమ్మదిగా. ఆయన కళ్ళలో నీళ్ళు చూశాక గాని నాకు సంగతి తట్టలేదు. అడవి అంచుల్లో పోలీసు క్యాంపులు ఉన్న కాలం. మా దగ్గర హిస్టరీ అంటే ఒకటే అర్థం, పోలీస్ స్టేషన్‌లో రౌడీల పేరు మీద తెరిచే షీటు. పిల్ల తండ్రి వచ్చి పోస్ట్‌మ్యాన్‌ను విచారించాడట. అతను ఉన్నది ఉన్నట్టే చెప్పాడు: “మంచోడే సార్. మూడు నెలలకోపాలి ఢిల్లీ నుంచి హిస్టరీ వస్తది, అంతే.” వాళ్ళు సంబంధం వద్దని కబురు పంపారు.

నేను పత్రిక తెచ్చి చూపించాను. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి, ముందు నన్ను తిట్టాడు, తర్వాత పోస్ట్‌మ్యాన్‌ను తిట్టాడు, ఆ తర్వాత “జల్దీ అంగీ తొడుగు,” అన్నాడు.

సత్తుపల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పిల్ల తండ్రి మమ్మల్ని అరుగు మీదే కూర్చోబెట్టాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. పత్రిక తెరిస్తే నా ఖర్మకొద్దీ బొమ్మ ఉన్న పేజీ వచ్చింది. అర్ధగోళాకారంలో ఒక లోహపు పాత్ర, అడుగున చిల్లు, చుట్టూ బాణం గుర్తులు.

“ఇదేం సామానయ్యా? పేలేదా?”

“కాదండీ, మునిగేది,” అన్నాను. నీళ్ళ మీద వదిలితే చిల్లులోంచి నిండి మునుగుతుందని, అందుకు పట్టే కాలం ఒక గడియ, అంటే ఇరవై నాలుగు నిమిషాలని, పూర్వం అదే గడియారమని వివరించాను.

“చిల్లుగిన్నె గురించి చదవడానికి ఢిల్లీ నుంచి పుస్తకం తెప్పించుకుంటున్నావా?” అన్నాడాయన. రౌడీని కాదని నమ్మాడు. పిచ్చివాణ్ణేమోనన్న అనుమానం మాత్రం అప్పుడే మొదలైంది.

గుమ్మం దగ్గర వత్తులు చేసుకుంటున్న పిల్ల నాయనమ్మ చెయ్యి చాపి ఆ పత్రిక తీసుకుంది. “ఒరేయ్, ఇది గడియకుడుక కదరా! నా పెళ్ళికి పంతులుగారు ఇదే పెట్టారు. ఇది మునిగాకే కదా జీలకర్ర, బెల్లం పెట్టించింది. అబ్బాయి మన పెళ్ళిళ్ళ గురించి చదువుకుంటుంటే రౌడీ అంటారేంటి, బుద్ధి లేకపోతే సరి!”

లోపలి నుంచి చిన్న నవ్వు వినిపించింది. నాకు ఆ నవ్వు చాలు. మంచినీళ్ళు కూడా అప్పుడే వచ్చాయి.

అయితే నాయనమ్మ ఒక షరతు పెట్టింది, ఈ పెళ్ళికీ గడియకుడుక ఉండాలని. నేను వర్క్‌షాపులో రాగి గిన్నెకు చిల్లు వేసి, నూనెరాయితో అరగదీసి, చేతి గడియారం పెట్టుకుని పరీక్షించి, సరిగ్గా గడియకు మునిగేలా చేశాను. పెళ్ళిలో ముహూర్తానికి ఒక గడియ ముందు దాన్ని ఇత్తడి గంగాళంలో నీళ్ళ మీద వదిలారు. నాయనమ్మ భక్తిగా దండం పెట్టి, కుడుకలో పసుపు, పిడికెడు అక్షింతలు వేసింది. (అక్షింత గింజ చిల్లుకు అడ్డం పడితే ఏమవుతుందో ఆ పత్రికలో ఏ పండితుడూ రాయలేదు.)

పంతులుగారి గడియారంలో ముహూర్తం వచ్చింది. కుడుక మునగలేదు. “మునగలేదుగా, ఆగండి!” అని నాయనమ్మ. “దాటిపోతోందమ్మా!” అని పంతులుగారు. జీలకర్ర, బెల్లం తలల మీద పెట్టించారు, తెర తీశారు. ఆ క్షణంలో వరుడు వధువు ముఖం చూడాలి. నేను మెడ వంచి గంగాళంలోకి చూస్తున్నాను. తేడా ఎంతో తెలియాలి కదా.

“మునిగింది లెండి, ఇటు చూడండి,” అని పెళ్ళికూతురి గొంతు మెల్లగా వినిపించింది.

తల తిప్పాను. తర్వాత గంగాళం సంగతి గుర్తొచ్చి చూసేసరికి కుడుక అడుగున ఉంది. ఆమె చెప్పినప్పటికే మునిగిందో, నేను తల తిప్పాక మునిగిందో నాకు తెలియదు. ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. “మునిగిందని చెప్పానుగా,” అంటుంది. నా లెక్కల్లో ఆ ఒక్క తేడా తేలలేదు. తేలకపోయినా ఫర్వాలేదని, అప్పుడప్పుడు, పత్రిక చదువుతూ తల తిప్పినప్పుడు అనిపిస్తుంటుంది.