ఉపగ్రహానికి దుప్పటి కుట్టిన మా ఖలీల్

నిన్న పొద్దున కామారెడ్డిలో నా మొబైల్ షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ మోగింది. ఖలీల్ చెల్లెలు షబానా.

"అన్నా, భాయ్ పోయిండు. డ్యూటీకి తయారైతుంటే గుండె ఆగిందట."

షట్టర్ సగంలో వదిలేసి మెట్టు మీద కూలబడ్డాను. మొన్న సాయంత్రమే కదరా మాట్లాడావు. పండక్కి వస్తానన్నావు కదరా.

తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను.

ఖలీల్‌ది ఎల్లారెడ్డి. వాళ్ల నాన్న రహీం చాచా అక్కడ దర్జీ. కామారెడ్డిలో ఇద్దరం ఐటీఐ చదివాం, వాడు రోజూ బస్సులో వచ్చేవాడు. తర్వాత బెంగళూరులో ఉపగ్రహాలు తయారుచేసే చోట టెక్నీషియన్ అయ్యాడు.

అక్కడ వాడి పనేమిటో తెలుసా? కుట్టుపని. నవ్వకండి, నిజం.

పైన అంతరిక్షంలో ఎండా ఎక్కువే, చలీ ఎక్కువే. అందుకని మెరిసే పల్చటి పొరలు పేర్చి, కొలిచి, కత్తిరించి, కుట్టి ఉపగ్రహానికి దుప్పటిలా కప్పుతారు. చాచా దగ్గర నేర్చుకున్న సూదే వాడికి అన్నం పెట్టింది.

చేరిన కొత్తలో ఒకసారి రంజాన్ సెలవు అయ్యాక అత్తరు పూసుకుని డ్యూటీకి వెళ్లాడు. లోపలికి సెంటు వాసన కూడా రాకూడదట, పరికరాలు పాడవుతాయట. గేటు దగ్గరే ఆపి స్నానం చేసి రమ్మన్నారు.

"పెండ్లికొడుకు లెక్క పోయిన, దొంగ లెక్క వాపస్ వచ్చిన" అని ఫోన్‌లో ఒకటే నవ్వు. తర్వాత పండగ రోజు కూడా అత్తరు ముట్టలేదు, పిచ్చోడు.

కొన్నేళ్ల కింద సైన్యం వాళ్లు మాట్లాడుకోవడానికి వాడే ఉపగ్రహం పని ఖలీల్ మీద పడింది. దాని పేరు ఇప్పటికీ రాయను, వాడికి మాటిచ్చాను.

లాంచ్ అయిపోతుందన్న లెక్కతో షబానా నికా తేదీ పెట్టుకున్నారు. ఇంతలో టెస్టింగ్‌లో ఆ దుప్పటి ఒక మూల లేచింది. అది కుట్టింది వీడే. మళ్లీ చేయాల్సి వచ్చింది, లాంచ్ వెనక్కి జరిగింది.

వదిలేసి రాలేడు. ఎందుకు రాలేడో ఇంట్లో చెప్పలేడు. "డ్యూటీ ఉంది" అన్నాడు, అంతే.

నికా రోజు ఫంక్షన్ హాల్లో చాచా నాతో అన్నాడు, "సొంత చెల్లె నికాకు రానోనితోని నాకేం పని? వాని పేరు నా ముందట తియ్యకు బేటా."

నాలుగో రోజు ఖలీల్ ఫోన్ చేశాడు.

"శీనూ, రేపు లాంచ్. పోయి మా అబ్బా పక్కన కూసో. ఫోన్‌ల చూపెట్టు. నేను కుట్టిన అని మాత్రం చెప్పకు."

షాపు మూసి ఎల్లారెడ్డి బస్సెక్కాను. రాకెట్ లేచే ముందు ఉపగ్రహం ఫొటో చూపించారు. చాచా కళ్లద్దాలు పెట్టుకుని ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నాడు.

"మూలల కాడ మడత సూడు బేటా. చెయ్యి తిరిగినోడు కుట్టిండు."

నోటిదాకా వచ్చింది. మింగేశాను.

రాకెట్ పైకి పోయింది. చాచా చాలాసేపు నా ముఖమే చూశాడు. తర్వాత "వానికి ఫోన్ కలుపు" అన్నాడు.

కలిపాను. చాచా అడిగింది ఒక్కటే.

"తిన్నవా?"

అటునుంచి ఖలీల్ ఏడుపు నాకు వినిపించింది.

మాటలు కలిశాయి. కానీ ఆ దుప్పటి సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ చెప్పలేదు.

ఈరోజు పొద్దున బెంగళూరు నుంచి వాణ్ణి తీసుకుని అంబులెన్స్ ఎల్లారెడ్డికి వచ్చింది. ఇక ఆగలేక చాచా చేయి పట్టుకుని చెప్పాను. ఆ రోజు ఫోన్‌లో చూసిన దుప్పటి మనోడు కుట్టిందే చాచా అని.

"తెల్సు బేటా. గా మడత వానికి నేర్పింది నేనే గద. ఎప్పటికన్న వాడే చెప్తడని చూసిన."

నాకు ఏడుపు ఆగలేదు. ఒక్క మాట నేను ముందే చెప్పి ఉంటే, తండ్రి నోటితో మెచ్చుకోలు విని పోయేవాడు కదా. మాట నిలబెట్టుకున్నానని సంతోషించాలా, ఏం చేయాలి?

వాడికి చివరిగా చుట్టే కఫన్ బట్ట చాచాయే కత్తిరించాడు, ఎవరినీ ముట్టనివ్వలేదు. అంచులు సరిచేసి, అలవాటుగా చొక్కాకు గుచ్చి ఉన్న సూది తీశాడు.

కఫన్‌కు కుట్లు ఉండవు.

సూది చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. షబానా వచ్చి తీసుకునేదాకా వదల్లేదు.

ఖలీల్, ఇక ఏ డ్యూటీ లేదు, హాయిగా పడుకో. అల్లా నిన్ను చల్లగా చూడాలి.