వంక గట్టున అక్క చీర

తిరుత్తణి కొండకు దక్షిణంగా, హోరుమని ఉరికే వంక పక్కన, చిరుతపులి అడుగులు దాటుకుంటా ఆరు మైళ్ళు ఒంటిగా నడిచొచ్చిన మనిషిని నేను. అదీ గుండెనొప్పితో ఆసుపత్రిలో పడుకొని లేచిన రెండో నెలలో. ఆవడిలో మా వీధివాళ్ళందరికీ ఇట్లే చెప్పి ఉన్నాను.

ఈ ప్రయాణం పెట్టింది మా అక్క. నాకంటే ఐదేండ్లు పెద్ద, డెబ్బై దాటినాయి. అయినా పిడికిట్లో పట్టని కొప్పు ఆమెది. మా వీధిలో ఆమె పేరు తెలియనివాళ్ళు కూడా ‘కొప్పక్క’ అంటే ఇల్లు చూపిస్తారు. బావ మోకాళ్ళ నొప్పులని కదల్లేదు. “నువ్వు రా రా, కొండెక్కేది లేదు, వంక పక్కన నడిచొస్తాం” అనింది అక్క. ఎందుకని అడిగితే, “ఊరికే” అనింది.

ఆవడిలో ఆరుంబావు లోకల్ రైలు ఎక్కితే ఏడుకు ముందే తిరువళ్ళూరులో దిగినాము. బస్టాండు పక్కన ఇడ్లీ వేడిగా దొరుకుతుంది, చట్నీ మాత్రం కారం. ఏడున్నరకు తిరుత్తణి బస్సు. నా పక్కన కే.జీ.కండిగై ఊరి రైతు ఒకాయన, ఒళ్ళో వంకాయల గంపతో కూర్చున్నాడు.

“యాడికన్నా?”

“ఏడు సునలకు.” కొండ కింద వరసగా ఉండే ఏడు ఊటగుంటలను అక్కడ అట్లంటారు.

“వానలు పడినాయి, వంక పారతా ఉంటుంది. నడిమధ్యలో ఒక మడుగుంది, జాగ్రత్త. గట్టంతా పాచి. పోయిన వారం ఒక ముసలామె జారింది.”

“జారి?”

ఆయన అప్పటికే గంప మీద తల వాల్చి నిద్రపోయినాడు. తిరుత్తణి వరకు నాకు కన్ను మూతపడలేదు.

తొమ్మిదింబావుకు దిగి, కాఫీ తాగి, రిక్షాలో దారి మొదలు దగ్గరికి పోయినాము. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాల. నన్ను నమ్మి మీరు చేతికర్ర, కత్తి కట్టుకొని బయలుదేరితే ఆ పాపం నాకే. ఆ దారి ఆరు మైళ్ళు కాదు, ఒక మైలుకు తక్కువే. ఎడ్లబండి పోయేంత వెడల్పు, అరచేయంత చదును. బిడ్డను చంకనేసుకున్న ఆడవాళ్ళు కబుర్లాడుకుంటా పోతారు. తలమీద కానుగచెట్ల నీడ. వంకలో నీళ్ళు పిక్కల దాకా. చిరుత అడుగులు ఒక గోధుమరంగు కుక్కవి, అది మాతోనే నడిచింది. ఒంటిగా అన్నది కూడా అబద్ధం. అక్క నా చెయ్యి పట్టుకొని నడిపించింది. నేను ఆమెను కాదు.

పది కాకముందే సగం దారిలో ఒక పెద్ద బండ దగ్గర ఆమె ఆగింది. దానికి కొంచెం దిగువనే ఆ మడుగు, నల్లగా.

“నువ్వు పోయి సునలు చూసిరా. నేనీడ కూర్చుంటా. ఉరకొద్దు, నిదానంగా రా.”

పోయినాను. ఏడు ఉన్నాయంటారు, నేను లెక్కపెడితే ఐదే తేలినాయి. మిగతా రెండు గడ్డిలో ఉండొచ్చు. తిరిగొచ్చేటప్పటికి పదిన్నర దాటింది.

బండ మీద అక్క కట్టుకొచ్చిన ఇటికరంగు చీర ఉంది, నీళ్ళు కారతా. పక్కన చెప్పులు. అక్క లేదు.

“అక్కా” అని అరిచినాను. గట్టు మీద ఉన్న ఆడవాళ్ళందరూ తిరిగి చూసినారు, ఎవరికో ఒకరికి అక్కలే గదా. మా అక్క కొప్పు వాళ్ళలో ఎక్కడా లేదు. ఉరకవద్దని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు. మడుగు దాకా ఉరికినాను. ఒక ఎండుకొమ్మ విరిచి నీళ్ళలో గుచ్చితే అడుగు తగల్లేదు. ఇంకొంచెం వంగితే కాలికింద పాచి జారింది, కానుగ వేరు పట్టుకొని ఆగినాను. కొమ్మకు ఏదో మెత్తగా తగిలింది. పైకి లాగడానికి చెయ్యి రాలేదు. లాగితే కుళ్ళిన అరటిబోదె. అప్పుడు కూడా గుండె కుదుటపడలేదు, ఎందుకంటే ఆమె ఇంకా కనబడలేదు.

బొరుగులు అమ్మే ఆమెను, చెయ్యి ఇంత చేసి చూపించి, పెద్ద కొప్పు ముసలామెను చూసినావా అని అడిగినాను. “అప్పుడి యారుం ఇల్లయే సామీ” అనింది. అట్లాంటి మనిషే రాలేదంట. ఇంకో నలుగురినడిగినా అదే మాట. బావకు ఏం చెప్పాల, చీర మడిచి చేతిలో పెట్టాల్నా?

చివరికి కొత్త పసుపు చీర కట్టి, గుండు మీద గంధం పూసుకొని ఎండకు కూర్చున్న ఒకామెను దూరం నుంచే చూసినాను. ఆ కూర్చునే తీరు చూసి మా అక్కేనని పట్టేసినాను. ఆ తల అంత చిన్నదని నాకు ఇన్నేండ్లూ తెలీదు.

“ఏమక్కా ఇది?”

“మొక్కు. నీ మూతికి గొట్టం పెట్టి పడుకోబెట్టినారే, ఆ పొద్దు మొక్కుకున్నా. నీ కాళ్ళతో నువ్వు ఈడికి నడిచొస్తే సామికి జుట్టు ఇస్తానని.”

“ముందే చెప్పేది గదా.”

“చెప్తే నా జుట్టుకు నువ్వు పంచాయితీ పెడతావు.”

నేను అటు పోగానే కానుగల కింద మంగలి దగ్గర గుండు చేయించుకొని, వంకలో స్నానం చేసి, తడిచీర బండ మీద ఆరేసి, సంచిలోని కొత్త చీర కట్టుకునిందంట. అంతకంటే ఏమీ జరగలేదు.

పులిహోర పొట్లం అక్కడే తిన్నాము. ఒంటిగంటన్నర బస్సు, తిరువళ్ళూరులో నాలుగు గంటల లోకల్. పోదలచినవాళ్ళకు నా మాట ఇదే: వానలైన నెలలో పోండి, ఎవరికైనా నడవదగిన దారి, మడుగు దగ్గర మాత్రం గట్టుకు ఎడంగా ఉండండి. నాకైతే ఆ దారి చల్లదనం ఇంటికొచ్చినాకే గుర్తుకొచ్చింది. అక్కడున్నంతసేపూ భయమే.

లోకల్లో ఎదురు సీటులో కూర్చున్న టీచరమ్మకు ఇదంతా చెప్పినాను. గుండు చేయించుకున్నా సరే, యాభై గజాల దూరం నుంచే సొంత అక్కను గుర్తుపట్టినానని చెప్పినప్పుడు ఆమె మెచ్చుకునింది కూడా.

తలమీద తువ్వాలు కప్పుకొని కిటికీలో నుంచి చూస్తా ఉన్న అక్క ఇటు తిరగకుండానే అనింది:

“యాడ గుర్తుపట్టినావు? నా పక్కనే కూలబడి, ‘అమ్మా, మా అక్క నీళ్ళలో పోయింది, ఇంక నాకెవరున్నారు’ అని నాకే చెప్పి ఏడ్చినావు. ‘రేయ్, ముక్కు తుడుచుకో’ అన్నాక గదా నా మొహం చూసినావు.”