మంచం కింద పదిహేడు క్యాన్లు

మా నాన్నను వీధిలో అందరూ నీళ్ళాయన అనేవారు. అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు. నీటి సరఫరా ఆఫీసులో వాల్వులు తిప్పడం ఆయన ఉద్యోగం. తెల్లారి అయిదున్నరకల్లా తనంత ఎత్తున్న ఇనుప కడ్డీ భుజాన వేసుకుని బయల్దేరేవాడు. రోడ్డు మీద ఇనుప మూత తీసి, కడ్డీ లోపలికి దించి, దాని అడ్డపిడి పట్టుకుని గుండ్రంగా తిరిగితే వీధి మొత్తానికి నీళ్ళు వచ్చేవి. కుళాయిలు ముందు దగ్గేవి, తర్వాత ఉమ్మేవి, ఆ తర్వాత ధార కట్టేవి. నీళ్ళ వేళ మారితే ముందురోజే మలుపులోని దర్జీ కొట్టు గోడ మీద సుద్దముక్కతో రాసేవాడు. గుమ్మడికాయలంతేసి అక్షరాలు, అన్నీ కుడివైపుకు ఒరిగిపోయి ఉండేవి. ఆ రాత తెలియని మనిషి మా వీధిలో లేడు.

అలాంటి నీళ్ళాయన ఇంట్లో, ఆయన పడుకునే మంచం కిందే, మా అమ్మ పదిహేడు క్యాన్ల నీళ్ళు నిల్వ పెట్టేది.

మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. మేం ముగ్గురం. వారం రోజులకు ఎనభై నాలుగు. అయిదు లీటర్ల క్యాన్లు పదిహేడైతే ఒక లీటరు మిగులుతుంది. ఆ లీటరు ఎవరికని అడిగితే "ఎవరైనా వస్తే?" అనేది అమ్మ. ప్రతి క్యాను మీదా ఒక కాగితం ముక్క అంటించి ఉండేది. దాని మీద నింపిన తేదీ, కింద 'తాగడానికి' అన్న మాట. ఆవగింజలు పేర్చినట్టు సన్నటి, గుండ్రటి రాత. నెల మొదటి ఆదివారం పాత క్యాన్లు మూడు బయటికి తీసేవాళ్ళం. ఆ నీళ్ళతో గచ్చు కడిగి, మొక్కలకు పోసి, క్యాన్లు తోమి, మళ్ళీ నింపి, కొత్త తేదీ వేసి వరస చివరకు నెట్టేవాళ్ళం. నెట్టడం నా పని, ఎందుకంటే మంచం కింద పట్టేది నేనొక్కదాన్నే. ఆ తడి గచ్చు చల్లదనం నా మోచేతులకు ఇప్పటికీ గుర్తుంది.

వంటింట్లో ఒక బీరువాలో బియ్యం, పప్పు, ఉప్పు, చక్కెర, బిస్కెట్లు, కొవ్వొత్తులు, రేకు డబ్బాలో అగ్గిపెట్టెలు ఉండేవి. కొత్తది వెనక్కి, పాతది ముందుకి. ఈ లెక్కన మా ఇంట్లో కొత్త బిస్కెట్లు కొనేవాళ్ళం గాని తినేవాళ్ళం కాదు. కరకరలాడే బిస్కెట్టు ఎలా ఉంటుందో పక్కింట్లో తిని తెలుసుకున్నాను. ఈ రోజుకీ కాస్త మెత్తబడిన బిస్కెట్టు పంటి కింద పడితే నాకు అమ్మ గుర్తొస్తుంది.

ఇంత ఎందుకమ్మా అని అడిగితే ఒక్కసారే చెప్పింది. తన చిన్నప్పుడు ఏరు పొంగి, వాళ్ళ ఇంటి చుట్టూ అయిదు రోజులు బురదనీళ్ళు నిలిచాయట.

"మూడోరోజు చెల్లి మంచినీళ్ళు అడిగింది. లేవు" అంది అంతే. ఆ చెల్లెలే మా పిన్ని. ఇప్పటికీ తలగడ పక్కన నిండు చెంబు లేనిదే పడుకోదు.

నాన్నకు మాత్రం ఈ క్యాన్లు తల కొట్టేసినట్టుండేవి.

"ఊరందరికీ నీళ్ళిచ్చేవాణ్ణి నేను. నా ఇంట్లోనే నా మీద నమ్మకం లేదని తెలిస్తే జనం ఏమనుకుంటారే?"

"మీ మీద నమ్మకం ఉందండీ. గొట్టాల మీదే లేదు."

చివరికి రాజీ కుదిరింది. క్యాన్లు ఉండొచ్చు, బయటివాళ్ళ కంట పడకూడదు. అందుకని అమ్మ నేల దాకా వేలాడే పెద్ద దుప్పటి పరిచింది. ఎవరితోనూ అననని నా చేత ఒట్టు వేయించుకున్నాడు నాన్న. ఆ ధైర్యంతో వీధిలో ఇంకాస్త ఛాతీ విరుచుకుని తిరిగేవాడు.

"నేనుండగా నీళ్ళకేం లోటు? ఆ డ్రమ్ములూ అవీ తీసేసి ఇల్లు విశాలం చేసుకోండి" అని కనబడినవాళ్ళకల్లా చెప్పేవాడు. పక్కింటి టీచరమ్మ ఆయన మాట మీద డ్రమ్ము ఖాళీ చేసి, మట్టి నింపి గులాబీ వేసింది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే తీసేశారు.

నాకు పన్నెండేళ్ళప్పుడు మూడు రోజులు విడవకుండా వాన కురిసింది. నాలుగోరోజు పొద్దున నాన్న కడ్డీ తిప్పితే కుళాయిలు దగ్గాయి గాని ఉమ్మలేదు. వంతెన దగ్గర రోడ్డుతో పాటు పెద్ద గొట్టం కొట్టుకుపోయింది. ట్యాంకరు రావడానికి కూడా దారి లేదు. వాన నీళ్ళు పట్టుకుందామంటే అప్పటికే తెరిపిచ్చింది.

ఎనిమిదయ్యేసరికి మా గుమ్మం ముందు పదమూడు ఇళ్ళవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడ్డారు. ఎవరైనా తిట్టినా బాగుండేది. అందరూ నెమ్మదిగానే మాట్లాడారు.

"మీరు చెప్పారనే డ్రమ్ము తీసేశానన్నయ్యగారూ. బాబుకు పాలు కలపడానికైనా ఒక చెంబెడు దొరుకుతాయా?" అంది టీచరమ్మ.

నాన్న ఆ ఖాళీ బిందెల వంక చూశాడు. కడ్డీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎప్పుడూ నిటారుగా ఉండే మనిషి ఆ పూట కడ్డీ కన్నా పొట్టిగా కనిపించాడు. నాకు ఏడుపొచ్చింది.

లోపల అమ్మ దుప్పటి ఎత్తి మంచం మీదికి విసిరేసింది. రెండు చేతులా రెండు క్యాన్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇంటికొకటి. తాగడానికే వాడండి, కడుక్కోవడానికి కాదు. ఇలాంటిదేదో వస్తుందని ఆయనే నింపించి పెట్టారు" అంది.

నేను నోరు తెరిచాను. అమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది. మూశాను. నాన్న అమ్మ వంక ఒకసారి చూసి, కడ్డీ గోడకు ఆనించి, లోపలికెళ్ళి మరో రెండు తెచ్చాడు. పదమూడు క్యాన్లు పోగా మాకు నాలుగు మిగిలాయి. నాన్న గొట్టం పనికి వంతెన దగ్గరికి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు స్నానాల ఊసు లేదు, అన్నం వార్చిన గంజి కూడా పారబోయలేదు. అయిదోరోజు పొద్దున కుళాయిలు దగ్గి, ఉమ్మి, ధార కట్టాయి.

అప్పటినుంచీ నీళ్ళాయన ముందుచూపు గురించి వీధంతా ఒకటే పొగడ్త. నాన్న అవునని ఎన్నడూ అనలేదు, కాదనడానికీ నోరు రాలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవాడు. దర్జీ కొట్టు గోడ మీద మాత్రం ఒక వాక్యం పెరిగింది: 'రెండు క్యాన్లు నింపి తేదీ వేసుకోండి.' చెరిగినప్పుడల్లా మళ్ళీ రాసేవాడు.

పదకొండేళ్ళ తర్వాత నాన్న రిటైరయ్యాడు. ఆఫీసు ఆవరణలో కుర్చీలు వేశారు, మా వీధివాళ్ళూ వచ్చారు. ఇంజనీరుగారు మైకు పట్టుకుని ఆ వాన కథే ఎత్తుకున్నారు. నాన్న ముఖం ఎర్రబడింది. తన వంతు రాగానే లేచి, గొంతు సవరించుకున్నాడు.

"ఆ నీళ్ళు నేను పెట్టించినవి కాదండీ. మా ఆవిడ పెట్టింది. నేను వద్దన్నాను. ఎవరికీ కనపడకుండా దుప్పటి కప్పమన్నది మాత్రం నేనే. ఇన్నేళ్ళూ ఆవిడ చేసిన మంచి నా ఖాతాలో వేసుకుని తిరిగాను."

నా పక్కన అమ్మ తల వంచుకుని "ఇప్పుడెందుకీ గోల" అని గొణిగింది. వెనక వరసలోంచి టీచరమ్మ లేచింది.

"మాకు ఆ రోజే తెలుసన్నయ్యగారూ. క్యాన్ల మీద రాత మీది కాదుగా. మీ రాతయితే కాగితం ముక్క మీద ఒక్క అక్షరమైనా పట్టేదా?"

అందరూ నవ్వారు. పదమూడు ఇళ్ళకూ తెలుసు. పదకొండేళ్ళలో ఒక్కరూ నోరు జారలేదు. మా అమ్మ మాట నిలబెట్టడానికి అందరూ కలిసి ఆయన్ను పొగుడుతూ వచ్చారు. నాన్న కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

ఇంటికి రాగానే ఆయన చేసిన మొదటి పని దుప్పటి అంచు పైకి మడిచి పరుపు కింద దోపడం. పదిహేడు క్యాన్లూ బయటపడ్డాయి. వీధి తలుపు కూడా బార్లా తెరిచాడు. అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, దుప్పటి లాగి మళ్ళీ నేల దాకా దించింది.

"ఇంకా ఎవరికి భయపడి దాస్తావే?"

"భయమేంటి? వెలుతురు తగిలితే నీళ్ళకు పాచి పడుతుంది. మీరనకపోయినా దుప్పటి వేసేదాన్నే."

నాన్న మంచం మీద కూలబడ్డాడు. "మరి ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీరడిగారా?" అంది అమ్మ.

ఆయన అడగలేదు. ఆ నెల మొదటి ఆదివారం మాత్రం, నేను రాకముందే, మోకాళ్ళ మీద కూర్చుని మంచం కిందికి తల దూర్చి అడిగాడు.

"వీటిలో పాతవి ఏవే?"