జ్ఞానయ్య మేకుకు తగిలించిన బిళ్ళ

జ్ఞానయ్య ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుబావి మీద ల్యాంపు రూములో పనిచేశాడు. బావిలోకి దిగే మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ళను కిటికీలో ఇచ్చి, టోపీకి పెట్టుకునే, జ్ఞానయ్య బ్యాటరీ నింపి ఉంచిన లైటు తీసుకునేవాడు. పైకొచ్చాక లైటు ఇచ్చేసి బిళ్ళ పట్టుకెళ్లేవాడు. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. చివరి బిళ్ళ వెళ్లేదాకా జ్ఞానయ్య ఇంటికి పోయేవాడు కాదు.

రిటైరయ్యాక, 2006లో, భార్య ఎలిజబెత్ పోయింది. పిల్లలు లేరు. గోదావరిఖనిలో మా వీధి చివర రెండు గదుల ఇల్లు ఆయనది. మరుసటేడు పక్క వీధిలో ఒంటరి పింఛనుదారు చనిపోతే మూడో రోజుకు గాని ఎవరికీ తెలియలేదు.

"సచ్చుడుకు భయం లేదు సార్," అన్నాడు జ్ఞానయ్య, పక్కింటివాణ్ణయిన నాతో. "మూడు దినాలు ఎవ్వలు లెక్క సూడలే. గదే మంచిగనిపిస్తలేదు."

ఆ నెలలోనే ఎవరో కాంట్రాక్టరు షెడ్డులో తుప్పు పడుతున్న కారును ట్రాక్టరుకు కట్టి తెచ్చుకున్నాడు. టాపు లేని, రెండే సీట్ల ఎర్రటి చిన్న పెట్రోలు కారు. ఇంజను పట్టేసింది. దాన్ని బ్యాటరీలతో నడిపిస్తానన్నాడు.

ఎదురింటి ఐలవ్వ పడిపడి నవ్వింది. "అన్నా, లైటు బుగ్గ పెట్టి కారు తోలుతవా ఏంది?"

"నవ్వు చెల్లె, నవ్వు. మీ రాజం లైటు ఏనాడన్న నడుమ ఆరిందా?"

ఐలవ్వ నవ్వు ఆగింది. ఆమె భర్త రాజం బావి కార్మికుడు, జబ్బు చేసి పోయాడు. ఆయన షిఫ్టు నుంచి ఆలస్యమైన రోజుల్లో ఆమె ల్యాంపు రూము కిటికీ దగ్గరికి వెళ్లి ఒక్కటే మాట అడిగేదట: "మా ఆయన బిళ్ళ ఉన్నదా అన్నా?"

పని రెండేళ్లు సాగింది. ఇంజను దించి, పాత సామాను దుకాణంలో దొరికిన మోటారు పెట్టాడు. దాన్ని గేరుబాక్సుకు కలిపే ఇనుప పలకను రామగుండంలో మూడుసార్లు లేతు పట్టించాడు. లారీ బ్యాటరీలు ఆరింటిలో మూడు వెనకాల పట్టాయి. మిగతా మూడింటికి చోటు లేక పక్క సీటు ఊడదీశాడు.

"పక్కన ఎవరు కూసుంటరు సార్?" అన్నాడు, నేను అడగకుండానే.

ఆ సీటును తుడిచి వరండాలో వేశాడు. తను మాత్రం దాని పక్కన పీట మీద కూర్చునేవాడు.

కారు నడిచింది. చప్పుడు లేదు, పొగ లేదు. బయటికి తీసిన ప్రతిసారీ, తనే ఇత్తడి రేకు కోసి చేసుకున్న బిళ్ళను తలుపు పక్క మేకుకు తగిలించేవాడు. ఎవరి కోసమని అడిగాను.

"ఎవరి కోసమైతే ఏంది సార్. పోయేటోడు బిళ్ళ ఇడిసి పోవాలె."

తిరిగొచ్చి తనే తీసుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం గోదావరి బ్రిడ్జి దాకా బయల్దేరాడు. "గంటన్నరల వస్త" అన్నాడు. నేను పక్కనే మా వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. రెండుసార్లు తలెత్తినప్పుడు మేకుకు బిళ్ళ మెరుస్తూ కనిపించింది. పేజీ తిప్పాను.

పొద్దు వాలుతుండగా ఐలవ్వ వచ్చింది. "సార్, అన్న బిళ్ళ ఇంక గట్లనే ఉన్నది."

"వస్తాడులే."

"మీకు తెల్వది సార్. బిళ్ళ ఉన్నదంటే మనిషి రానట్టే."

ఆమె అప్పటికే ఆటో ఆపింది. నేనూ ఎక్కాను.

బ్రిడ్జికి కాస్త ఇవతల, రోడ్డు పక్కన, కారులో చేతులు స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాడు. లారీలు దుమ్ము కొట్టి పోతున్నాయి. మమ్మల్ని చూసి మొదట అడిగింది ఒక్కటే.

"బిళ్ళ ఎవలు సూసిండ్రు?"

"నేనే సూసిన," అంది ఐలవ్వ. "దిగు."

"లైటు లెక్కనే ఏసుకున్న చెల్లె. నింపితే ఇన్ని గంటలు అని. గల్లీల మెల్లగ రెండు గంటలు నడిసింది. రోడ్డు మీద జోరుగ తోలితే గంట గూడ ఆగలే. జోరుగ పోతె జల్ది అయిపోతది గద, గది మర్సిన."

కారును తాడుతో ఆటోకు కట్టి తెచ్చాం. ఇంటి ముందు ఆయన మేకు వైపు చేయి చాపాడు. బిళ్ళ లేదు. ఐలవ్వ, వెళ్లేటప్పుడే తీసి కొంగున కట్టుకున్న బిళ్ళను ముడి విప్పి, పిడికిట్లోనే పట్టుకుని, రెండో చేయి చాచింది.

"తాళంచెవి ఇయ్యి. లైటు ఇయ్యందే బిళ్ళ ఇచ్చినవా నువ్వు, ఎన్నడన్న?"

ఆయన ఆ చేతిలో తాళంచెవి పెట్టి, బిళ్ళ తీసుకున్నాడు.

అప్పటినుంచి పొద్దున ఏడింటికి ఆమె గుమ్మం దగ్గర బిళ్ళ ఇచ్చి, తాళంచెవి తీసుకుని, టీ హోటలు దాకా వెళ్లొచ్చేవాడు. మిగతా పొద్దంతా ఆ పీట మీద, ఖాళీ సీటు పక్కన కూర్చునేవాడు. పలకరిస్తే పలికేవాడు.

తెలంగాణ వచ్చిన ఏడు, వానాకాలంలో ఒకరోజు, ఏడు గంటలయినా ఆయన తాళంచెవి కోసం రాలేదు. ఏడున్నరకల్లా ఐలవ్వ వెళ్లి తలుపు తట్టింది. ఆయన పోయిన సంగతి మూడో రోజు దాకా ఆగలేదు, ఆ పొద్దునే తెలిసింది.