స్టేజీ మీద వేలిముద్ర

కాలేజీ గేటుకు కట్టిన ఫ్లెక్సీలో నా బొమ్మ ఉంది. ఇంట్లో రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతుంటే కాలేజీవాళ్ళు వచ్చి తీసుకుపోయిన ఫోటో. జుట్టు చెదిరి, కొంగు జారి, నోరు కొంచెం తెరుచుకుని ఉన్నాను. కింద ఎర్రటి అక్షరాలు. ఎండ కళ్ళలో కొడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్కో మాటే కూడబలుక్కుని చదివాను. ‘అక్షరం ఎరుగని తల్లి, ఆకాశమంత కల.’

నోరంతా చేదెక్కింది. అక్షరం ఎరుగని దాన్నయితే ఆ ముక్క నేనెట్లా చదువుతాను?

పక్కనున్న నా కూతురు, మా పాప, మోచెయ్యి పట్టుకుంది. “ఈ పొద్దు ఏమీ అనాకు మా. సీటు కాయితం చేతికి రానీ.”

కొంగు సర్దుకుని లోపలికి నడిచాను.

సంగతి ఇది. ఆదోనిలోని ఆ కాలేజీ, పట్నంలోని ఒక పెద్ద యూనివర్సిటీ, విదేశంలోని ఇంకో యూనివర్సిటీ కలిసి ఒప్పందం చేసుకున్నాయి. హోటళ్ళు నడపడం, యాత్రికుల్ని చూసుకోవడం నేర్పే పీజీ చదువు. మొదటి ఏడాది ఆదోనిలో, రెండో ఏడాది పట్నంలో. మగ్గం ఇళ్ళ పిల్లలకు, వలసపోయే ఇళ్ళ పిల్లలకు ఫీజు లేకుండా కొన్ని సీట్లు. అంత చదువు మా గడప దాకా రావడం మంచిదే. ఎమ్మిగనూరులో చీరలు నేసుకునే మేము సొంతంగా పట్నం పంపి చదివించగలిగేవాళ్ళం కాదు. ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను.

డిగ్రీ అయ్యాక పాప మంత్రాలయంలో ఒక లాడ్జీ కౌంటర్‌లో కొన్నాళ్ళు పని చేసింది. దూరం నుంచి బస్సులో వచ్చిన ముసలివాళ్ళను ఓనరు మెట్ల మీద కూర్చోబెట్టేవాడట. పొద్దెక్కితే గానీ గది తాళం ఇచ్చేవాడు కాదట. పాప ఇంటికొచ్చి తిట్టేది. “వచ్చినోళ్ళను ముందు కూసోమని నీళ్ళియ్యాల గదమ్మా. అది గూడా తెల్దు వానికి.” ఎప్పటికైనా ఒక పెద్ద లాడ్జీని తన చేతి మీద నడపాలని దాని పంతం. అందుకు ఈ చదువు కావాలి.

మా ఆడబిడ్డ మాత్రం వీధంతా వినపడేటట్టు అడిగింది. “ఏం వదినా, పాపతో లాడ్జి సదువు సదివిస్తాండావంట! దుప్పట్లు ఉతికేదానికి గూడా పీజీ కావాల్నా?”

“నీ కొడుకు ఇంజనీరు సదివి పగలంతా దుప్పటి కప్పుకోని పండుకుంటాడు గదా. ఉతికేవాళ్ళు ఒకరుండాల గదా వదినా,” అన్నాను.

ఒప్పందం రోజున తల్లిదండ్రుల్ని పొద్దున్నే రమ్మన్నారు. గుడ్డలు తొడిగిన కుర్చీలు అతిథులకు. మాకు షామియానా కింద పట్టాలు. నా పక్కన కోసిగి నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. మిరప కోతలకు గుంటూరు వైపు పోయినావిడ, కూతురి సీటు కోసం పని మధ్యలో వదిలి వచ్చింది. నీళ్ళ క్యాన్లు మా ముందు నుంచే అతిథుల గదిలోకి పోయాయి. ఆమె తన సీసాలోని మజ్జిగ నాకింత పోసింది.

ఆడవాళ్ళ లెట్రిన్‌కు తాళం వేసి ఉంది. అడిగితే ప్యూన్ కసిరాడు. “గెస్టుల కోసమని కడిగి పెట్టినారు. మీరు తొక్కి పాడు సేయాకండి.”

కోసిగి ఆమె నా చెవిలో అంది. “వచ్చినోళ్ళకు మర్యాద సేసేది నేర్పిస్తారంట గదక్కా ఈడ. మనం ఇంగా రాలేదేమో.”

నవ్వుకుంటూనే ఇద్దరం ప్రహరీ వెనక కంపచెట్లలోకి పోయాం. కాలు పెట్టేందుకు చోటు లేదు. అంతా మలమూత్రాల కంపు, ఈగలు. కొంచెం అవతల సిగరెట్లు తాగుతున్న మగవాళ్ళు మమ్మల్ని చూసి కూడా ముఖం తిప్పుకోలేదు. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తిరిగొచ్చేసరికి, అప్పుడే కారు దిగిన పట్నం యూనివర్సిటీ మేడం మీద ఆడపిల్లలు గులాబీ రేకులు చల్లుతున్నారు. వాళ్ళలో మా పాప కూడా ఉంది. కాలేజీవాళ్ళు కట్టించిన పట్టుచీరలో అది నాకే కొత్తగా కనబడింది.

ఉపన్యాసాలు అయ్యాక నన్నూ పాపనూ స్టేజీ మీదికి పిలిచారు. ఆ కార్యక్రమం నడిపే కోఆర్డినేటర్ సారు అట్టమీద అతికించిన కాగితం ఒకటి, ఇంకు ప్యాడ్ ఒకటి నా ముందు పెట్టాడు.

“తల్లి ఒప్పుకున్నట్టు అమ్మా. ఈడ వేలిముద్ర ఎయ్యండి.”

“పెన్ను ఇయ్యండి సార్. సంతకం సేస్తాను.”

ఆయన మైకును అరచేత్తో మూశాడు. “తెలుసమ్మా. ఇది ఊరికే ఫోటోకి. మీకు సదువు రాదని మేడంకు సెప్పినాం. గేటు కాడ ఫ్లెక్సీ గూడా అట్లే ఏసినాం గదా.”

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై దాటాక. పొదుపు సంఘం మీటింగులో ప్యాడ్ ముందుకు తోసినప్పుడల్లా తల కొట్టేసినట్టు ఉండేది. అప్పుడు ఇంటర్ చదువుతున్న పాప మధ్యాహ్నం పూట మగ్గం గుంట పక్కన సుద్దముక్కతో రాసి, నా చేత దిద్దించింది. నాకు రాకపోతే విసుక్కునేది, వస్తే గొప్పలు పోయేది. ఆ పిల్లే ఇప్పుడు స్టేజీ మీద నా పక్కన నిలబడి ఉంది. దాని వైపు చూశాను. తల దించుకుంది.

అంతలో మేడం వచ్చి నా మణికట్టు పట్టుకుంది. “భయపడకండమ్మా, ఇలా” అంటూ చిన్నపిల్ల చేత పలక మీద దిద్దించినట్టు నా బొటనవేలు ప్యాడ్ మీద అదిమింది. మెత్తటి చెయ్యి, సెంటు వాసన. వేలు కాగితం మీద ఒత్తింది. ఫోటో తీసేవాడు సరిగ్గా రాలేదన్నాడు. మళ్ళీ ఒత్తింది. అందరూ చప్పట్లు కొట్టారు.

స్టేజీ మీద ఇచ్చింది ఉత్త అట్టముక్క. అసలు కాగితం ఆఫీసులో ఇస్తామన్నారు. అక్కడ కూడా కోఆర్డినేటర్ సారు ప్యాడే జరిపాడు.

ఈసారి పాప నోరు తెరిచింది. “మా అమ్మ సంతకం సేస్తాది సార్. తల్లికి సదువు రాకూడదని రూల్ ఉందా?”

“రూల్లో లేదు పాపా, ప్రోగ్రాంలో ఉంది. ఫైల్లో ఫోటో ఒకరకం, కాయితం ఒకరకం పోతే పైనోళ్ళు అడగరా? నీకు వద్దంటే సెప్పు. ఈ సీటు కోసమే కోసిగి పిల్ల బయట ఉంది. వాళ్ళమ్మది ఎట్లాగూ వేలిముద్రే.”

నాకు మజ్జిగ పోసిన మనిషిని మా మీదికే కర్రలాగా ఎత్తాడు. తలుపు సందులోంచి ఆమె కనబడుతూనే ఉంది, కూతురి జడ సరిచేస్తోంది.

“వద్దు మా, పోదాం పా,” అంది పాప. కానీ కాలు కదపలేదు. దానికి ఆ సీటు ఎంత కావాలో నాకు తెలుసు. ఎవరూ నా చెయ్యి పట్టుకోకుండానే వేలు ఒత్తాను.

బస్సులో ఎమ్మిగనూరు దాకా వేలికంటిన సిరాను కొంగుకు రుద్దుతూనే ఉన్నాను. కోసిగి పిల్లకు సీటు రాలేదని తర్వాత తెలిసింది. పాప ఆదోనిలో మొదటి ఏడాది బాగా చదివింది, ఇప్పుడు పట్నం పోయింది. అక్కడ చదువుతో పాటు ఒక హోటల్లో పని నేర్పుతున్నారు.

మొన్న ఆ సారు ఫోన్ చేశాడు. “బాగుండారా అమ్మా? ఈసారి మీకు సన్మానం. మా కోర్సు పుణ్యాన మీరు సదువు నేర్చుకున్నారని మేడం సెప్తారు. మీరు స్టేజీ మీద సంతకం సెయ్యాల.”

“పోయినేడు వేలిముద్ర ఎయ్యమంటిరి గద సార్.”

“అందుకేనమ్మా!” ఆయన గొంతులో ఎంత సంబరమో. “పోయినేడు వేలిముద్ర, ఈ ఏడు సంతకం. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే ఎంత బాగుంటాది! ఫీజు మాఫీ ఏడాదికేడాది కొత్తగా రాయాల గదా, పాప రెండో ఏడు కాయితం గూడా ఆ పొద్దే ఇప్పిస్తాంలే.”

ఫోన్ పెట్టేసి పాపకు చేశాను. అంతా చెప్పాను.

“పోయినేడు నువ్వు నా దిక్కు సూస్తే నేను తల దించుకుంటి. నాకు ఇంగా అదే కండ్లల్లో ఉంది మా,” అంది. “పోవద్దు. మాఫీ రాకపోతే హోటల్లో ఇంకో పూట పని సేస్తా. పోయినావంటే సదువు మానుకోని వచ్చేస్తా, సూడు.”

మగ్గం మీద ఉన్న మా ఆయన నేత ఆపకుండానే అన్నాడు. “పాప వద్దంటాంటే ఇంగేంది? సెప్పేయి ఆయప్పకు.”

చెప్పాను. “నేను రాను సార్. నాకు సదువు నేర్పింది నా బిడ్డ. మీరు కాదు.”

కోప్పడతాడనుకున్నాను. ఆయనకు కోపమైనా రాలేదు. “సరేలేమ్మా. కోసిగి ఆమె ఉంది గదా. ఈ ఏడు వాళ్ళ రెండో పాప అప్లై సేసింది. ఆమెను పిలిచి వేలిముద్రా ఏయిస్తాం, సంతకమూ దిద్దిస్తాం,” అన్నాడు, టీ కాకుంటే కాఫీ తాగుదాం అన్నంత తేలిగ్గా.

మాఫీ కాగితం ఇంతవరకు రాలేదు. ఫీజు కట్టేందుకు పాప సాయంత్రం పూట కూడా హోటల్లో డ్యూటీ చేస్తోంది. పిలిస్తే కోసిగి ఆమె వెళ్తుంది. వద్దని చెప్పడానికి నా దగ్గర ఆమె నంబరు లేదు. ఉన్నా చెప్పగలనా? పెద్దపిల్లకు పోయిన సీటు చిన్నపిల్లకైనా రావాలి కదా.